దోమలు లేని దేశంలో మలేరియా

మా వదిన స్టాల్ దగ్గర కాఫీ గింజలు చూపిస్తూ చూపిస్తూ కుర్చీలో కూలబడింది. శాలువా కావాలంది. బయట మంచి ఎండ. ఆ దేశంవాళ్లు చేతుల్లేని బట్టలు వేసుకుని ఐస్‌క్రీం తింటూ తిరుగుతున్నారు. వదిన పళ్లు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఏటోనే గుంటా, ఎముకల్లోంచి సలేత్తంది" అంది.

"విమానంలో ఏసీ పడలేదేమో వదినా. రూముకెళ్లి పడుకుందాం పద" అన్నాను.

మాది హుకుంపేట దగ్గర కొండ మీద పల్లె. మా మహిళా రైతు సంఘం పండించిన కాఫీని జర్మనీలో ఒక ప్రదర్శనలో పెట్టడానికి సంఘంవాళ్లు మా ఇద్దరినీ పంపారు. తోట పని అంతా తెలిసింది మా అన్నయ్య భార్య సోంబారి వదినకు. నేను డిగ్రీ చదివాను, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. ఇద్దరికీ అదే మొదటి విమానం. బయలుదేరే ముందు కనబడ్డ ప్రతివాళ్లూ సలహాలిచ్చారు. పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకోండి, పచ్చడి కారకుండా కట్టుకోండి, స్వెట్టర్లు మరిచిపోకండి. ఎవరైనా ఊరడిగితే విశాఖపట్నం అనండి, మీ పల్లె పేరు వాళ్లకేం తెలుస్తుంది అని మా ప్రయాణం ఏర్పాట్లు చూసినాయన చెప్పాడు. అక్కడ జ్వరం వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ సాయంత్రం వదినకు ఒళ్లంతా చెమట పట్టి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు మళ్లీ వణుకు, వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఇండియాలో ఎక్కడి నుంచి వచ్చారని డాక్టరు అడిగాడు.

"విశాఖపట్నం. సముద్రం పక్కన సిటీ" అన్నాను.

"వైరల్ ఫీవర్. రెస్ట్ తీసుకోండి, నీళ్లు బాగా తాగించండి" అని పారాసిటమాల్ ఇచ్చాడు.

మలేరియా నాకు గుర్తు రాకపోలేదు. మా ఏజెన్సీలో జ్వరమంటే ముందు అదే అనుకుంటాం. కానీ ఆ ఊళ్లో కిటికీలు తెరిచి పడుకున్నా ఒక్క దోమ కనబడలేదు. దోమే లేని చోట మలేరియా ఎందుకొస్తుంది అనుకున్నాను. వదిన దాన్ని ఒంట్లో పెట్టుకునే విమానం ఎక్కిందని నాకు తోచలేదు. మేం బయలుదేరే ముందే వానలు పడ్డాయి. కాఫీ మొక్కలు నాటించడానికి వదిన కొన్నాళ్లు తోటలో పాకలోనే పడుకుంది. దోమతెర ఇంట్లో ఉండిపోయింది. అక్కడ దోమ కుడితే జ్వరం జర్మనీలో బయటపడింది.

మాత్రలు వేస్తూనే ఉన్నాను. ఒక పొద్దున లేపితే లేవలేదు. తట్టి తట్టి లేపితే కళ్లు తెరిచింది. తెల్లగుడ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. నన్ను చూసి "నువ్వెవలివి?" అంది. నేను కిందికి పరుగెత్తాను. హోటలువాళ్లు అంబులెన్స్ పిలిచారు.

పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో ఒక డాక్టరమ్మ ఫోన్‌లో తెలుగు మాట్లాడే దుబాసీని కలిపింది. అప్పటికి వదినకు తెలుగు పోయింది. ఇంట్లో తెలుగుతో పాటు మేం మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలో ఏదో గొణుగుతోంది. "ఆమె ఏమంటున్నారో నాకర్థం కావట్లేదండీ" అని ఫోన్‌లో దుబాసీ. తన పిల్లల్ని వాగు దగ్గరికి పోనివ్వొద్దంటోందని నేను చెప్పాను. చెబుతూనే ఏడ్చేశాను.

"మీరు విమానం ఎక్కిన ఊరు కాదు. ఈవిడ రోజూ పడుకునే ఊరెక్కడ?" అని డాక్టరమ్మ అడిగించింది.

కొండలు, అడవి, వాన, పాక అన్నీ చెప్పాను. అక్కడ మలేరియా ఉందా అని అడిగింది. ఏటా ఉంటుందన్నాను. ఆమె వెంటనే లేచి నర్సుతో ఏదో గట్టిగా చెప్పింది. రక్తం తీశారు. కాసేపటికే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఫాల్సిపరం మలేరియా, అన్నిటికంటే ప్రమాదకరమైన రకం. రక్తంలో ఆ క్రిములు చాలా ఎక్కువగా ఉన్నాయి. మెదడుకీ కిడ్నీలకీ దెబ్బ తగిలింది. మేం చేయగలిగిందంతా చేస్తాం."

ముదిరిన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఆ ఆసుపత్రిలో లేదు, వేరే ఊరి నుంచి తెప్పిస్తున్నామన్నారు. మా పీహెచ్‌సీలో ఉండే మందు కోసం ఆ దేశంలో ఎదురుచూస్తూ కూర్చున్నాను. అక్కడ వేసవిలో పొద్దు ఎంతకీ కుంకదు. ఆ వెలుతురు చూస్తే నాకు పిచ్చెక్కినట్టుండేది.

మందు వచ్చింది, ఎక్కించారు. అయినా ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టాలి, డయాలసిస్ చెయ్యాలి, భర్తతో మాట్లాడండి అన్నారు. మా ఊళ్లో సిగ్నల్ రావాలంటే స్కూలు వెనక గట్టెక్కాలి. సంఘం ఆఫీసుకు ఫోన్ చేసి కబురు పంపించాను. అన్నయ్య దొరికేసరికి రొప్పుతున్నాడు.

"ఏటయ్యిందే? మీ వదిన మాటాడతందా?"

"లేదన్నయ్యా. మలేరియా అంట. ముదిరిపోయింది."

"మలేరియాయా? ఇక్కడైతే ఆశా కార్యకర్త బేగి ఏలు గుచ్చి సూసేసేది గదే! అంత పెద్ద దేశంలో ఎవులూ సూడనేదా?"

మిషన్ పెట్టాలంటున్నారని చెబుతుండగానే లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. డాక్టరమ్మ నా ముఖంలోకే చూస్తోంది. పెట్టండి అన్నాను. ఐసీయూ బయట గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. వదిన శవంతో తిరిగి వెళితే ఆ పిల్లలకేం చెప్పాలన్నదే బుర్రలో తిరుగుతోంది.

ఒకరోజు ప్లేట్‌లెట్స్ పెరిగాయనేవారు. మర్నాడు ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అనేవారు. ఆశ పెట్టుకోవడం మానేశాను. చివరికి గొట్టం తీశాక వదిన పెదాలు కదిపింది. "పాని." నర్సు నావైపు చూసింది. "నీళ్లు! వాటర్!" అని అరిచాను.

అంతటితో అయిపోలేదు. ఆర్టిసునేట్ వాడినవాళ్లలో కొందరికి తర్వాత ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు, నాలుగు వారాలు ప్రతి వారం హిమోగ్లోబిన్ చూపించండి అని చెప్పి పంపారు. ఇంటికొచ్చి వారం తిరక్కుండానే వదిన పాలిపోయింది. మూత్రం నల్లటి డికాషన్‌లా వచ్చింది. వానలో ఘాట్‌రోడ్డు మీద అంబులెన్స్ ప్రతి మలుపులోనూ నెమ్మదిస్తుంటే నేను డ్రైవర్‌ను కసిరాను. వదిన నా చెయ్యి పట్టుకుని, "ఇంక నన్నొగ్గీయే గుంటా, అలిసిపోనాను" అంది. విశాఖలో రక్తం ఎక్కించారు. "హిమోగ్లోబిన్ నాలుగు. ఇంకా ఆలస్యమైతే గుండె ఆగేది" అన్నాడు అక్కడి డాక్టరు.

ఇప్పుడు వదిన ఇంట్లో ఉంది. అన్నం వండుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది. పైతోట దాకా నడవలేదు, సగం దారిలో కూర్చుండిపోతుంది. పేర్లు మర్చిపోతుంది. జర్మనీ అయితే పూర్తిగా చెరిగిపోయింది. మొన్న చిక్కుళ్లు ఒలుస్తూ అడిగింది, "నిజంగా ఇమానం ఎక్కినామా? కిందన మేగాలు కనపడ్డాయా?" ఎక్కాం వదినా, కిటికీ పక్క సీటు నీదే అని చెప్పాను. నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఒంట్లో కొంచెం వెచ్చగా ఉందంటే చాలు, ఇంటిల్లిపాదీ భయంతో లేచి కూర్చుంటాం.

మా కొండల నుంచి ఈ వేసవిలో మొదటిసారి విదేశం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. అక్కడ జ్వరం వస్తే, దోమ కనబడినా కనబడకపోయినా, డాక్టరు అడగకపోయినా, మీరు పడుకుని లేచిన పల్లె పేరు చెప్పండి, అక్కడ మలేరియా ఉందని చెప్పండి. "మలేరియా బ్లడ్ టెస్ట్" అన్న మూడు ముక్కలు ఇంగ్లీషులో నేర్చుకుని వెళ్లండి. రక్తం తీసి చూసేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.