కుంకుమ పెట్టిన ఫ్లాపీ

ఎనభైల చివర్లో బుక్కరాయసముద్రంలో మా ఇంట్లో కంప్యూటర్ ఉందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. టీవీ అనుకుని ఆదివారం సినిమాకు వచ్చి కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు. బెంగళూరులో మా అన్న పనిచేసే చోట పాతవి అమ్మేస్తుంటే ఒకటి కొని, గోనెసంచిలో చుట్టి, బస్సు మీద వేసి పంపాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప దానికింకేం రాదు. అయినా నా ఉద్యోగం నిలబెట్టింది అదే.

ఆ ఏడు అమ్మ వీధికొళాయి దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నాయన పోయి చాలా కాలమైంది, ఇంట్లో మేమిద్దరమే. నేను అనంతపురంలో, పల్లెల్లో తాగునీటి పనులు చూసే ఓ సంస్థలో టైపు పని చేసేదాన్ని. యాడికి మండలంలో ఏ ఊళ్లో బావి ఎండింది, గార్లదిన్నె వైపు ఏ ఊళ్లో బోరు పడలేదు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. అమ్మను మంచంలో వదిలి రోజంతా ఆఫీసులో ఎలా కూర్చునేది? మానేస్తే తినేదేమిటి? భయపడుతూనే పోయి మా సారును అడిగాను.

సారు కాసేపు గడ్డం గోక్కుని, "సరేమ్మా, ఇంట్లోనే చేసుకో. ఫైలు మాత్రం పొద్దున్నే నా టేబులు మీద ఉండల్ల. ఒక్కసారి చెడిపోయిందా, ఇంగ ఇంట్లో పని మాటెత్తొద్దు" అన్నాడు.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఆఫీసు కంప్యూటర్‌కూ మా ఇంటి కంప్యూటర్‌కూ మధ్య ఉన్న వైరు నేనే. సాయంత్రమంతా కొట్టింది ఫ్లాపీలోకి ఎక్కించి, పొద్దున్నే అమ్మను పక్కింటి అక్కకు అప్పజెప్పి, బస్సెక్కి ఆఫీసులో ఇచ్చి, కొత్త కాగితాలు తెచ్చుకునేదాన్ని. మా ఇంటి యంత్రానికి సొంతంగా దాచుకునే శక్తి లేదు. ఆఫీసువాళ్లు ఫైలు కోసం ఇచ్చింది ఒకే ఒక్క ఫ్లాపీ. దాంట్లో ఉంటే ఉన్నట్టు, లేకుంటే గోవిందా!

అప్పడమంత పల్చటి ఆ వస్తువును మన ఎండలో, మన దుమ్ములో మోయడమంటే మాటలా? రెండు అట్టల మధ్య పెట్టి ఒళ్లో పట్టుకుని కూర్చునేదాన్ని. కండక్టరు రోజూ ఒకటే ఎగతాళి. "ఏమక్కా, ఒళ్లో పసిబిడ్డనా? టిక్కెట్టు కొట్టేదా?" "నీ పని నువ్వు చూసుకో పోన్నా" అని కసిరేదాన్ని. అమ్మకైతే రోజూ చెప్పేదాన్ని: దాని మధ్యలో చిన్న కిటికీ ఉంటుంది, లోపలి పళ్లెం కనిపిస్తుంది, ఆడ వేలు తగిలినా, దుమ్ము పడినా సర్వనాశనం అని. అమ్మ ఊఁ కొట్టేది.

ఆయుధపూజ వచ్చింది. విజయదశమి అని కూడా చూడకుండా మరునాడే హైదరాబాదు నుంచి మా ఆఫీసుకు పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. ఏ ఊళ్లకు నీళ్ల పథకం ఇవ్వాలో తేల్చే రిపోర్టంతా ఆ ఫ్లాపీలోనే ఉంది. మధ్యాహ్నానికి పని ముగించాను. అంతలో ట్యాంకరు వచ్చిందని కేకలు వినిపిస్తే బిందెలు తీసుకుని పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి మా కంప్యూటర్ పెళ్లికూతురైంది! తెరకు పసుపు, కుంకుమ, పైన బంతిపూలు. మంచం పక్కనే కంప్యూటర్ బల్ల కాబట్టి అమ్మ కూర్చునే అన్నీ కానిచ్చేసింది. ముందర తమలపాకుల మధ్య ఫ్లాపీ. దాని మీద తడి పసుపు, ఎర్రటి బొట్టు, చుట్టూ అక్షింతలు.

"అమ్మా! ఎంత పని చేస్తివే! నా కొంప ముంచితివి గదే!"

"ఏందిమే ఆ అరుపు? కత్తిపీటకు చేసినా, చాటకు చేసినా. నీకు కూడు పెట్టేదానికి చెయ్యకూడదా?"

పరీక్షిద్దామంటే కరెంటు పోయింది. పండగ పూట పోయిన కరెంటు తెల్లారినా రాలేదు. కిటికీలో కుంకుమ పొడి రాలిందో లేదో నా కళ్లకు తెలియలేదు. బొబ్బట్లు చేసుకున్నాం గానీ అమ్మ మీద కోపంతో నేను ముట్టలేదు.

పొద్దున ఆ బొట్టుతోనే తీసుకెళ్లి సారు చేతికిచ్చాను. తుడిస్తే పొడి లోపలికి పోతుందని భయం.

సారు అటూ ఇటూ తిప్పి, "ఇదేందమ్మా, పేరంటానికి పోయొచ్చిందా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఫ్లాపీ లోపలికి పోయింది. గుర్రుమంది. ఆగింది. మళ్లీ గుర్రుమంది. తెర మీద ఒక్కో ఊరి పేరూ పైకి లేచింది, చివరి ఊరి దాకా. హమ్మయ్య! అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

"బాగుండాది. ఇంట్లో పని అట్లే కానీ. అమ్మను బాగ చూసుకో" అన్నాడు సారు.

తిరుగు బస్సులో కండక్టరు ఏదో అంటే నేనూ నవ్వేశాను. ఇల్లు చేరి అమ్మ మంచం మీద కూర్చుని, "నీ దేవుడు గట్టోడే. ఫైలు బతికింది" అన్నాను.

"దేవుడేం చేసినాడు?" అంది అమ్మ. "దినామూ నువ్వు దాన్ని బయటికి తీసేటప్పుడు యాడ పట్టుకుంటావో చూస్తాండా గదా. ఆ మూలకే పెట్టినా బొట్టు. మంచంలో పడుండేదానికి నీ చేతులు చూసేది గాక ఇంకేం పని ఉండాది?"

నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ కాళ్ల మీది దుప్పటి సర్దాను.

"ఏడ్చింది చాల్లే, నిన్న నువ్వు తినకుండా పెట్టిన బొబ్బట్లు ఉండాయి, తెచ్చుకో పో" అంది అమ్మ.