ఎత్తిన చెయ్యి

ఆఫీసులో ఆవిడకు పరీక్షలమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు గానీ, తనకా పేరుందని ఆవిడకూ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా. గొడుగు కొంటే ఇంటికి రాగానే కుళాయి కింద పట్టి చూస్తుంది. కొత్త కుక్కరు తెస్తే మొదటిరోజు ఉత్త నీళ్ళు పోసి కూత వింటే గానీ వంట పెట్టదు. "మొగుణ్ణొక్కణ్ణే పరీక్ష చెయ్యకుండా చేసుకున్నాను" అని ఆవిడంటే, సిటీ బస్సు నడిపే ఆ మొగుడు, "అందుకేగా రోజూ పెడుతోంది" అంటాడు.

ఉద్యోగం దూరవిద్యా కేంద్రంలో, సాంకేతిక విభాగం. విభాగం అనగానే ఏదో ఊహించుకోనక్కర్లేదు. రెండో అంతస్తులో మెట్ల పక్కన ఒక గది, దానికో కిటికీ, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ. గదిలో మనుషులకన్నా వైర్లెక్కువ. ఒకరోజు డైరెక్టరు ఆ గదిలోకే వచ్చి, పునాది కోర్సు పాఠాలన్నీ ఈ ఏడు నుంచి ఆన్‌లైన్లో నేరుగా చెప్పిస్తామనీ, మూడు కంపెనీల వెబినార్ సాఫ్ట్‌వేర్లు చూసి ఏది మంచిదో తేల్చమనీ చెప్పాడు. పునాది కోర్సంటే చిన్నప్పుడు బడి మానేసినవాళ్ళు పెద్దయ్యాక మళ్ళీ చదువు మొదలుపెట్టేది.

మూడు కంపెనీలవాళ్ళూ వచ్చి ఎవరిది వాళ్ళు గొప్పన్నారు. కాకిపిల్ల కాకికి ముద్దు, దానికేం. పరీక్షలమ్మ మాటలు నమ్మే మనిషి కాదు. క్లాసు నడిపి చూడాలంది. క్లాసు నడపాలంటే చెప్పేవాళ్ళు కావాలి, వినేవాళ్ళు కావాలి. చెప్పేవాళ్ళని అడిగితే ఒకరికి తలనొప్పి, ఇంకొకరికి మీటింగు. ఉత్తుత్తి పాఠానికి గొంతు చించుకునే ఓపిక ఎవరికీ లేదు. చివరికి పాత వీడియోలు వెతికితే, ఎప్పుడో రిటైరైపోయిన భూగోళం మేష్టారు చెప్పిన నదుల పాఠం దొరికింది. కెమెరా బదులు ఆ వీడియోని తగిలించింది. చూసేవాళ్ళకి మేష్టారు అప్పుడే, అక్కడే నిలబడి చెబుతున్నట్టుంది. తన తెలివికి తనే మురిసిపోయింది పరీక్షలమ్మ.

ఇక వినేవాళ్ళు. ఆఫీసులో అందరి దగ్గరా మంచి కంప్యూటర్లూ మంచి నెట్టూ ఉన్నాయి. వాటిలో ఏ సాఫ్ట్‌వేరైనా గుర్రంలా పరిగెడుతుంది. ఆవిడకు కావలసింది పాత ఫోను, అంతంతమాత్రం సిగ్నలు, ఇలాంటివి ఎప్పుడూ ముట్టుకోని వేలు. మూడూ ఒకేచోట, తమ ఇంట్లో వెనకగదిలోనే ఉన్నాయి. ఆ గదిలో ఉండేది అత్తగారు.

అత్తగారు పాతికేళ్ళ పైనే బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుట్టింది. కళ్ళు మొరాయించడం మొదలుపెట్టాక మానేసి, ఇప్పుడు వీధిచివరి దర్జీకి ఇంట్లోనే గుండీలు కుట్టిపెడుతుంది. మనిషి మితభాషి. చదువు ఐదో తరగతి దగ్గర ఆగిపోయింది. ఎందుకాగిందో ఆవిడ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కానీ కోడలు ఆఫీసు నుంచి రాగానే మంచినీళ్ళిస్తూ, "ఇవాళ మీ దగ్గర ఏం పాఠం చెప్పారు" అని అడుగుతుంది. నేను చూసేది వైర్లే గానీ పాఠాలు కాదని కోడలు నవ్వుతుంది. ఒకసారి మాత్రం గుండీలోకి సూది గుచ్చుతూ, తలెత్తకుండా, "ఆ పునాది కోర్సులో నాలాంటివాళ్ళని చేర్చుకుంటారా" అంది.

ఆ మాట గుర్తుపెట్టుకునే కోడలు మొదటి సాఫ్ట్‌వేరు చూసే రోజు పొద్దున అత్తగారి పాత ఫోను పట్టుకుని వెనకగదిలోకెళ్ళింది.

"అత్తయ్యా, ఇవాళ మధ్యాహ్నం ఇందులో పాఠం వస్తుంది. వింటారా?"

"నేనా? నన్ను విననిస్తారా?"

"విననిస్తారు. ఏదన్నా అడగాలనిపిస్తే ఇదిగో, ఈ చెయ్యి బొమ్మ నొక్కండి. మీరు చెయ్యెత్తినట్టు వాళ్ళకి కనపడుతుంది."

ఇది పరీక్ష అని చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. ఉత్తుత్తిదని తెలిస్తే మనిషి మనసుపెట్టి వినదు, నిజం విద్యార్థి ఎలా ఉంటుందో తేలదు అనుకుంది. ఆ ముక్క చెప్పకపోవడం తన పనితనంలో భాగమనే అనుకుంది, పాపిష్టిది.

మధ్యాహ్నం ఆఫీసులో స్క్రీను ముందు కూర్చుంటే, ఓ మూల చిన్న గడిలో అత్తగారు కనపడింది. బయటికెళ్ళేటప్పుడు మాత్రమే కట్టుకునే బట్టలు కట్టుకుంది. జుట్టు తడిపి దువ్వుకుంది. కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చుంది. బొమ్మ మధ్యమధ్యలో ఆగుతోంది గానీ మాట తెగలేదు. మేష్టారు నది పుట్టుక నుంచి మొదలుపెట్టి కొండలు దింపి మైదానం దాటించి సముద్రం దగ్గరికి తెచ్చాడు. అంతలో అత్తగారి పేరు పక్కన పసుపురంగు చెయ్యి లేచింది.

పరీక్షలమ్మ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ పాత ఫోనులోంచి, ఆ మూలగదిలోంచి, ఆ చెయ్యి ఇక్కడిదాకా వచ్చిందంటే మాటలా. చెయ్యెత్తడం పనిచేస్తోంది అని టిక్కు పెట్టుకుంది. చూడాల్సింది చూసేసింది కనుక, మేష్టారు ఏదో అని నవ్వుతుంటే వీడియో అక్కడితో ఆపేసింది. మర్నాడు రెండో సాఫ్ట్‌వేరు, అదే మేష్టారు, అదే నది. చెయ్యి లేచింది, కాస్త ఆలస్యంగా. ఆ తర్వాత మూడోది. ఈసారి చెయ్యి వెంటనే లేచి, క్లాసు ఆపేదాకా దించకుండా అలాగే ఉంది. మూడోదే భేషైనదని రాసిచ్చింది పరీక్షలమ్మ. డైరెక్టరు అందరిముందూ మెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి మొగుడికి చెప్పుకుంది, "అత్తయ్య చెయ్యి అద్దంలో చూసినట్టు కనపడిందండీ" అని, వెనకగదికి వినపడేంత గట్టిగా.

కోర్సులో పేర్లు తీసుకోవడం మొదలైంది. పరీక్షలమ్మ ఉత్సాహంగా వెనకగది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, మీ పేరు రాయించేస్తున్నా."

"వద్దులే అమ్మాయ్."

"అదేంటి? మీరే కదా అడిగారు?"

"అడిగాన్లే. నాకు ఎక్కదు. ఎందుకొచ్చిన గోల."

గుచ్చి గుచ్చి అడిగితే గానీ బయటపడలేదు. దారం పంటితో తెంపి, నెమ్మదిగా చెప్పింది. "మూడుసార్లు చెయ్యెత్తానమ్మా. మేష్టారు నా వంకే చూశాడు. చూసి, ముసలి నది నెమ్మదిగా, వంకరటింకరగా పోతుంది, దానికేం తొందర అని నవ్వాడు. మూడుసార్లూ అక్కడే నవ్వాడు. నిజానికి మంచివాడే. నా ఒక్కదాని కోసం పాఠం మళ్ళీ మళ్ళీ మొదట్నించీ చెప్పాడు. అన్నిసార్లు చెప్పినా ఇంకా చెయ్యెత్తుతోందేమిటి ఈవిడ అని విసుగు రాదా ఎవరికైనా. తప్పు ఆయనది కాదు."

ఆ మేష్టారు అక్కడ లేడని, ఆ నవ్వు ఎన్నేళ్ళ కిందటిదో అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. పరీక్షలమ్మ ఆ నిమిషం వాడుకోలేదు. "అలాంటిదేం ఉండదు అత్తయ్యా" అని గొణిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ ఆవిడగా లేదు. ఆఫీసులో ఎవరో మామూలుగా "అప్పుడు టెస్టింగులో కూర్చున్నది ఎవరండీ" అంటే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. నేనేం తప్పు చేశాను, ఎవర్నైనా తిట్టానా, కొట్టానా అని తనకు తాను చెప్పుకుంది. ఏదీ అతకలేదు. ఆ దువ్వుకున్న జుట్టు, ఆ నిటారు వెన్ను కళ్ళముందు నుంచి పోవు. ఒక మనిషి ఎన్నో ఏళ్ళకి బళ్ళో కూర్చున్నాననుకుని చెయ్యెత్తింది. ఆ చెయ్యిని తాను గొడుగును చూసినట్టు చూసింది, కారుతుందా కారదా అని. సిగ్గుతో చచ్చిపోతున్నట్టుండేది. ఇంటికొస్తే అత్తగారు ఎప్పట్లాగే మంచినీళ్ళిచ్చేది. ఇవాళ ఏం పాఠం చెప్పారని మాత్రం అడగడం మానేసింది. ఆ అడగకపోవడమే పరీక్షలమ్మకు అన్నిటికన్నా ఎక్కువ బాధగా ఉండేది.

పేర్లు తీసుకునే గడువు దగ్గరపడింది. అప్పుడైనా ఉన్నమాట చెప్పిందా అంటే, లేదు. మనిషి బుద్ధి ముందు అడ్డదారే వెతుకుతుంది. సెలవురోజు పొద్దున అత్తగారి పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, ఏమీ ఎరగనట్టు మొదలుపెట్టింది.

"అత్తయ్యా, కనుక్కున్నాను. ఈ గదిలో సిగ్నల్ సరిగ్గా లేదు కదా, మీ చెయ్యి ఆ మేష్టారికి కనపళ్ళేదట."

అత్తగారు కళ్ళజోడు మీదుగా చూసింది. "అద్దంలో చూసినట్టు కనపడిందని నువ్వే చెప్పావు కదమ్మా, అబ్బాయితో."

ఇక దాక్కోవడానికి చోటు లేదు. తలదించుకుని మొత్తం చెప్పేసింది. మేష్టారు లేడు, అది పాత వీడియో. పాఠం మళ్ళీ మళ్ళీ చెప్పింది మీ కోసం కాదు, మూడు సాఫ్ట్‌వేర్లు కాబట్టి. నవ్వింది మిమ్మల్ని చూసి కాదు. ముసలి నది అంటే పుస్తకంలో మాటే, సముద్రం దగ్గరికొచ్చిన నదిని అలాగే అంటారు.

"అయితే అవతల ఎవరూ లేరా?"

"నేనున్నాను అత్తయ్యా. ఆఫీసులో కూర్చుని నేనే చూశాను. మీరు చెయ్యెత్తడం మూడుసార్లూ చూశాను. మీకు ముందే చెప్పాల్సింది. తప్పు చేశాను."

తిడితే బాగుండునని కోడలు ఎదురుచూసింది. అత్తగారు చేతిలో ఉన్న చొక్కాకి గుండీ పూర్తిగా కుట్టి, ముడేసి, మడతపెట్టి పక్కన పెట్టింది.

"చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. చెప్పేవాడే లేకపోతే నేనెవరికి లోకువయ్యానా అని చూస్తున్నా" అంది. "పోన్లే. చూశావు కదా. చూసినదానివి, ఏం కావాలత్తయ్యా అని ఇంటికొచ్చాకైనా అడగొచ్చుగా."

పరీక్షలమ్మకు ఏడుపొచ్చింది. "ఇప్పుడడుగుతున్నా. ఏమడగాలనుకున్నారు?"

"ఇప్పుడు నీకు చెప్పను."

అంతే, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం కూరగాయల సంచి అందుకుంటూ మాత్రం, "నా పేరు రాయించు. కానీ ఒకటి. నేను క్లాసులో ఉండగా నువ్వు నన్ను చూడకూడదు. నీ ఆఫీసులోంచీ వద్దు, ఇక్కణ్ణించీ వద్దు" అంది. కోడలు తలూపింది.

మర్నాడు డైరెక్టరు దగ్గరికెళ్ళి, తన నివేదికలో ఒకటి కలపాలంది. ప్రతి క్లాసులోనూ ఎత్తిన చేతులు చూసి పాఠం చెప్పేవాళ్ళకి చెప్పడానికని ఒక మనిషి కూర్చోవాలి. డైరెక్టరు చిరాకుపడ్డాడు. "సాఫ్ట్‌వేర్ బాగుందన్నావు, ఇప్పుడీ మెలికేంటి? బాగుందా, బాలేదా?"

"బాగుందండీ. చెయ్యి చక్కగా కనపడుతుంది. చూసి పట్టించుకునే మనిషి ఉందో లేదో నేను పరీక్షించలేదు. ఉన్న మనిషిని నేనే, నేను పట్టించుకోలేదు."

ఎన్నడూ తన పని తప్పని ఒప్పుకోని మనిషి అలా అనేసరికి ఆయన సరేనన్నాడు. అది విని ఆవిడ మనసేమీ తేలికపడలేదు. ఒప్పుకుంటే బరువు దిగిపోతుందని చెప్పేవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళు బహుశా చిన్న తప్పులే చేసి ఉంటారు.

మొదటి క్లాసు సాయంత్రం. అత్తగారు మళ్ళీ ఆ బట్టలే కట్టుకుని, జుట్టు దువ్వుకుని, వెనకగది తలుపు దగ్గరగా వేసుకుంది. పరీక్షలమ్మ మాటిచ్చింది కాబట్టి చూడలేదు. తలుపు పక్కనే నడవాలో బట్టలు మడతపెడుతూ కూర్చుంది. వినొద్దని ఎవరూ అనలేదు కదా అనుకుంది, ఆ ఆలోచనకి కూడా సిగ్గుపడింది. ఈసారి చెప్పేది పంతులమ్మ. పాఠం లెక్కలు. కాసేపటికి పంతులమ్మ ఆగి, "చెయ్యెత్తారు, అడగండమ్మా" అంది.

లోపల్నుంచి అత్తగారి గొంతు, ఎప్పుడూ లేనంత జాగ్రత్తగా.

"మీరు నిజంగా ఉన్నారాండీ?"

ఫోనులోంచి ఎంతమందో ఒకేసారి నవ్విన చప్పుడొచ్చింది. పంతులమ్మ కూడా నవ్వింది. "ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను. అడగండి."

"ఇది లెక్కల్లోది కాదు. నదులన్నీ మంచినీళ్ళే కదా. అన్నీ వెళ్ళి కలిసేది సముద్రంలోనే కదా. మరి సముద్రం ఉప్పగా ఎందుకుంటుంది?"

ఆ ప్రశ్న ఏమిటో పరీక్షలమ్మ మొదటిసారి వింటోంది. తాను మూడుసార్లు టిక్కు పెట్టింది దీనికే. మడతపెట్టిన చొక్కా ఒళ్ళో అలాగే ఉండిపోయింది. పంతులమ్మ మంచి ప్రశ్నంటూ జవాబు మొదలుపెట్టింది గానీ, తలుపివతల ఉన్న మనిషికి ఒక్క ముక్కా చెవికెక్కలేదు.