తెల్ల తానుల మీద డకోటా

మా అత్త మగ్గం పనిలో చెయ్యి తిరిగిన మనిషి, అంతకు మించి మొండి మనిషి. మానేరు పొంగి మా ఊరిని చుట్టేసినప్పుడు అందరం పిల్లాజెల్లాతో గుట్టెక్కాం. ఆమె మాత్రం మళ్లీ నీళ్లలోకి దిగి, ఇంట్లో నేసి పెట్టిన తెల్ల పంచెల తానులు నెత్తిన పెట్టుకొని వచ్చింది. తిండిగింజ ఒక్కటీ తేలేదు. నాకు ఒళ్లు మండింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే ఈ బట్టలేం చేసుకోవాలని అడిగాను.

"తడిబట్ట అట్లనే ఉంచితే మచ్చలు వడ్తయి. నీళ్లు తీసినంక ఏం అమ్ముకొని తింటమే?" అంది.

వాన వెలిసిన పొద్దున, గుట్ట మీద చదునుగా ఉన్నచోట తానులన్నీ పరిచి అంచులకు రాళ్లు పెట్టింది. పిల్లలను ఆ దరిదాపులకు రానీయలేదు.

అప్పుడు వచ్చింది విమానం. దాన్ని డకోటా అంటారని తర్వాత తెలిసింది. యుద్ధంలో సిపాయిలను, సామాన్లను మోసి, ఆ పైన సీట్లు బిగించి ప్రయాణికులను తిప్పిన రకమట. చెవులు చిల్లులు పడేలా మోగుతూ కిందికి దిగి గుట్ట చుట్టూ తిరిగింది. తెరిచిన పక్క తలుపులో మనుషులు, వాళ్ల పక్కన బస్తాలు కనిపించాయి. బియ్యం తెచ్చారని అర్థమై మా ఆయన తలగుడ్డ విప్పి ఊపాడు. ఆనందం పట్టలేక నేనూ చేతులూపాను.

రెండోసారి వచ్చినప్పుడు తలుపులోంచి బస్తాలు రాలాయి, సరిగ్గా మా తానుల మీదికే. మొదటిది పడగానే నేల అదిరింది. జనం చెల్లాచెదురయ్యారు. మా అత్త కూడా పరుగెత్తింది, బట్టల వైపు.

"అవ్వా, ఇటు రా" అని మా ఆయన అరిచాడు.

"బట్ట సినుగుతది కొడుకా" అంటూ వంగి అంచు మీది రాయి తీసింది.

తర్వాతి బస్తా ఆమె మీదే పడింది. దగ్గరికి వెళ్లేసరికే ప్రాణం లేదు. తాను కొస ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. ఆ బట్టే ఆమె మీద కప్పాం.

శవం లేవందే ఆ ఇంటివాళ్లు పొయ్యి ముట్టించకూడదు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. గుట్ట మీద అందరిదీ మా ఆకలే, వండి తెచ్చేవాళ్లెవరూ లేరు. చుట్టూ నీళ్లు, శవాన్ని తీసుకుపోయే దారి లేదు. నా చిన్నది ఏడవడం కూడా మానేసింది. మా ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ముట్టియ్యి" అన్నాడు.

పగిలిన బస్తాలోంచి మట్టి కలిసిన బియ్యం ఎత్తి కడిగి వండాను. ఆ అన్నం నా గొంతు ఎలా దిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ దిగింది.

మర్నాడు పడవలో సర్కారు మనిషి వచ్చాడు. విమానంలోవాళ్లకు తెల్లబట్టే గుర్తని, అది ఎక్కడ పరిచి ఉంటే అక్కడే బస్తాలు వేస్తారని చెప్పాడు.

"గుర్తు మంచిగ పెట్టిన్రు. ఎవరు పెట్టిన్రు?" అని మెచ్చుకోలుగా అడిగాడు.

మా ఆయన ఆ బట్ట కిందున్న తల్లిని చేత్తో చూపించాడు.