రెండు కొసల లంకె

ఆఫీసులో ఆమెను అందరూ దారాలక్క అనేవారు. పాత కాగితాలను కంప్యూటర్‌లో చదువుకోవడానికి తెర ఎలా ఉండాలో గీసిపెట్టడం ఆమె ఉద్యోగం. గీసే ముందు గోడనిండా కాగితాలు అంటించి, ఈ కాగితంలోని వాక్యం నుంచి ఆ కాగితంలోని వాక్యానికి ఎర్రదారం లాగి గుండుసూదులు గుచ్చేది. ఆ గదిలోకి వచ్చినవాళ్లు నడుం వంచి దారాల కిందుగా దూరాల్సిందే. "తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే," అని ఆఫీసరు నవ్వేవాడు.

ముప్పయ్యారేళ్ల కిందట ఎగువ ఆనకట్ట గేట్లు ఎత్తినప్పుడు దిగువన ఏటి ఒడ్డున ఉన్న నలభై ఒక్కమంది కొట్టుకుపోయారు. ఆ విచారణ కాగితాలు నూటపన్నెండు కట్టలు రికార్డుల గదిలో పడి ఉన్నాయి. వాటిని ఎవరైనా చదువుకునేలా, చదువుతూ అంచున తమ మాట రాసుకునేలా, ఒకచోటి మాటను ఇంకోచోటి మాటతో ముడివేసేలా తెర తయారు చేయమన్నారు.

ముందు చదివేవాళ్లను చూడాలి, తర్వాతే గీయాలి అన్నది ఆమె పట్టుదల. అందుకే రికార్డుల గదిలో ఒక పెద్దాయన పక్కన వారం రోజులు కుర్చీ వేసుకుంది. ఆయన రికార్డుల గుమాస్తాగా రిటైరైనా రోజూ వచ్చి అక్కడే కూర్చునేవాడు. బొటనవేలు ఒక ఫైల్లో, చూపుడువేలు ఇంకో ఫైల్లో పెట్టి, మూడోదాన్ని మోచేత్తో అదిమి చదివేవాడు.

"వేళ్లు చాలడం లేదమ్మా," అన్నాడొకసారి.

ఆ నలభై ఒక్కమందిలో ఆయన భార్య ఒకతి. ఉతుకుడు బట్టల మూటతో ఏటికి వెళ్లింది. మూట దొరికింది.

ఆ వేళ్లను చూసే ఆమె తెర గీసింది. రెండు కాగితాలు పక్కపక్కన, మధ్యలో లంకె గీత, అంచున నోటు రాసుకునే జాగా. ఒక్క విషయంలో మాత్రం ప్రోగ్రామరుతో పోట్లాడింది. లంకె బయల్దేరిన కాగితంలోనే కాదు, చేరిన కాగితంలో కూడా, రెండు కొసలా కనిపించి తీరాలంది.

"ఎవరెవరు నావైపు వేలు చూపిస్తున్నారో నాకు తెలియొద్దా?" అని ఆమె అడిగితే, అతను గొణుక్కుంటూనే చేసిపెట్టాడు.

మొదట వాడి చూసింది పెద్దాయనే. ఒక్క వేలితో టైపు చేస్తూ మూడు వారాలు కూర్చున్నాడు. ఎగువ ఆఫీసు లాగ్‌బుక్కులో "పది నలభైకి దిగువకు ఫోనులో చెప్పాము" అని ఉంది. విచారణలో దాన్ని తర్వాత చేర్చిన రాతగా కొట్టిపారేశారు. పెద్దాయన దాన్ని లైన్‌మన్ డైరీతో ముడివేశాడు. అది మరమ్మతుల కట్టలో ఉండిపోయి ఎవరి కంటా పడలేదు. "పదకొండుకు దిగువ లైను పరీక్షించాను, బాగుంది" అని అందులో ఉంది. ఆ రెంటినీ తెచ్చి దిగువ ఆఫీసు టెలిఫోన్ ఆపరేటరు వాంగ్మూలానికి కట్టాడు. "లైను పోయింది. ఏ కబురూ రాలేదు."

లంకెలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని ఆమె ఆ వాంగ్మూలం తెరిచింది. అంచున పెద్దాయన ఒక్కొక్కటిగా కట్టిన పంతొమ్మిది గీతలు వచ్చి గుచ్చుకుని ఉన్నాయి. అడుగున సంతకం. చివరి అక్షరాన్ని కిందికి సాగదీసి, పక్కన రెండు చుక్కలు పెట్టిన సంతకం. ఆమె బడి ప్రోగ్రెస్ కార్డుల మీద ఏటేటా పడింది అదే.

నాన్న పోయి పదకొండేళ్లు. ఆయన ఫోన్ల ఉద్యోగం చేశాడని తెలుసు, బదిలీ మీద ఈ పట్నం వచ్చామని తెలుసు. ఎక్కడినుంచో ఏనాడూ అడగలేదు. పక్కింట్లో ఫోను మోగినా ఆయన కంచం ముందునుంచి లేచి నిలబడేవాడు. కాసేపు నిలబడి మళ్లీ కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లు దాన్ని ఆయన అలవాటనుకున్నారు.

సాయంత్రం అమ్మను అడిగింది. అమ్మ మడతపెడుతున్న చీరను ఒళ్లో పెట్టుకుంది.

"ఫోనొచ్చింది," అంది. "మీ నాన్నే తీశాడు. చీటీ రాసి ఇంజినీరు బల్ల మీద పెట్టాడు. ఇంజినీరు లోపల మీటింగులో ఉన్నాడు. ఆర్డరు లేకుండా ఏటి ఒడ్డు జనాన్ని హెచ్చరించే సైరన్ మోగించకూడదు కదా."

"తర్వాత?"

"తలుపు తీస్తారని కూర్చున్నాడు. నలభై నిమిషాలు. ఆ తర్వాత ఇంకేముంది... లైను పోయిందని చెప్పు, లేకపోతే నీ మెడకే చుట్టుకుంటుంది అన్నారు పైవాళ్లు. నువ్వప్పుడు రెండేళ్లదానివి."

మర్నాడే ప్రోగ్రామరు వచ్చి, "అక్కా, ఆ వెనక్కి కనిపించే లంకెలవల్ల తెర నెమ్మదిస్తోంది. మొదటి విడతలో తీసేద్దామా?" అన్నాడు. అడగని వరం. ఆమె తలాడించింది. వాంగ్మూలం అంచు కడిగిన పలకలా అయిపోయింది.

కానీ ఆ ఖాళీ అంచు ఆమెను నిలువనీయలేదు. పేజీ తెరిస్తే గీతలు లేనిచోటే కన్ను ఆగేది. బల్లమీద ఫోను మోగితే ఎత్తబుద్ధయ్యేది కాదు. నాలుగోసారి మోగినప్పుడు తాను లేచి నిలబడి ఉన్నట్టు గమనించింది.

ఆరో రోజు పొద్దున్న పెద్దాయన ముందు నిలబడింది.

"బాబాయ్‌గారూ, ఆ ఆపరేటరు మా నాన్న. ఫోనొచ్చిందట," అంటూ, అమ్మ చెప్పిందంతా చెప్పినట్టే అప్పజెప్పింది.

ఆయన ఫైల్లోంచి ఒక్కొక్క వేలే తీసుకున్నాడు. కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎనిమిది రోజులు రాలేదు.

ఆ ఎనిమిది రోజుల్లో ఆమె వెనక లంకెలు మళ్లీ పెట్టించింది. అమ్మ మాటలను నోటుగా రాసి, వాంగ్మూలానికి ముడివేసి, కింద "ఆపరేటరు కూతురు" అని పెట్టింది. ఆఫీసరు నీళ్లు నమిలాడు. "మీ ఇంటి సంగతి మీరే బయటపెట్టుకోవడం ఎందుకమ్మా?" అన్నాడు. అయినా ఆమెను ఆపలేదు.

తొమ్మిదో రోజు పెద్దాయన వచ్చి, ఆ నోటు రెండుసార్లు చదివాడు.

"ఆ నలభై నిమిషాలూ ఏం చేశాడు?"

"తలుపు వంక చూస్తూ కూర్చున్నాడట."

"ఏరు కనిపించేదా అక్కణ్ణించి?"

"తెలీదు బాబాయ్‌గారూ."

"కనిపిస్తుంది. ఆ ఆఫీసుకు వెళ్లొచ్చాను. కిటికీలోంచి చాకిరేవు తిన్నగా కనిపిస్తుంది." ఆ మాటనే ఒక్కో అక్షరం నొక్కుతూ ఆమె నోటు కింద రాశాడు. ఆ తర్వాత కూడా రోజూ వచ్చాడు. ఆమెతో మాట్లాడాడు, పాత ఫైళ్ల పని నేర్పాడు, కాని ఇంకెప్పుడూ అమ్మా అనలేదు.

తెర జనంలోకి వెళ్లింది. మెచ్చుకున్నారు. ఇంకో మూడు కార్యాలయాలు అలాంటిదే కావాలన్నాయి. నాన్న పేజీకి మాత్రం వారానికొక కొత్త లంకె వచ్చి చేరుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఆమె తెరిచి చదివి తీరుతుంది. తిట్లు ఉన్నాయి, పోయినవాళ్ల పేర్లు ఉన్నాయి. అరవై మూడోది ఒకామె రాసింది. ఆనాడు చిన్నపిల్లనని, అక్కతో ఏట్లో ఉన్నానని, తాను ఒక్కతే బయటపడ్డానని. అడిగింది ఒకే ఒక్క మాట: ఆ సైరన్ అసలు పనిచేసేదా?

దారాలక్క ఇంటికి వెళ్లి అమ్మను అడిగింది.

"పనిచెయ్యకేం," అంది అమ్మ. "ప్రతి సోమవారం పొద్దున మోగించి చూసేది మీ నాన్నేగా."

ఆమె ఆ జవాబును ఉన్నదున్నట్టు రాసి, లంకె కట్టింది.