నా భుజం మీద చల్లని చెయ్యి

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకూ కొత్తగా ఉద్యోగం వచ్చింది. (రాష్ట్రం నిలిచింది, ఉద్యోగమే నిలవలేదు.) రామన్నపేట నుంచి నల్లగొండలోని ఒక ప్రైవేటు బడికి రోజూ బస్సులో నిలబడి పోయేదాన్ని. ఆ రోజుల్లో సీటు మీద ఎవరికీ ఆశ ఉండేది కాదు, పైన కడ్డీ అందితే అదే పదివేలు. మా అమ్మ మాత్రం రోజూ నా చున్నీకి ఒక పిన్నీసు పెట్టి, "ఎవడన్న మీద చెయ్యేస్తే సప్పుడు చెయ్యకుండ గుచ్చు, ఆడే సక్కగైతడు" అని సాగనంపేది. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని పెద్దసారు చెప్పేశారు.

ఆ పొద్దున ముసురు పట్టింది. అద్దాలన్నీ మూసేయడంతో పట్టపగలే బస్సులో చీకటి. అందరి ఊపిరీ నా మెడకే తగులుతోంది. ఒక కుదుపుకు నా భుజం మీద చెయ్యి పడింది. మంచులా చల్లగా ఉంది, ఐదు వేళ్లూ విడివిడిగా తెలుస్తున్నాయి. "అన్నా, జర చెయ్యి తియ్యి" అన్నాను. తియ్యలేదు. అమ్మను తలచుకుని, వెనక్కి చూడకుండానే పిన్నీసుతో గుచ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకా గట్టిగా గుచ్చితే పిన్నీసే వంగిపోయింది! ఆ దారి మలుపులో ఎప్పుడో ఫుట్‌బోర్డు మీంచి జారిపడి చనిపోయిన మనిషి గురించి ఇంట్లో మా ముసలవ్వ చెప్పిన కథ గుర్తొచ్చింది. మెల్లగా తల తిప్పాను. చెయ్యి ఉంది. దాని వెనక ముఖం లేదు, కింద ఎర్రబట్ట మాత్రం వేలాడుతోంది.

నేను పెట్టిన కేకకు కండక్టర్ విజిల్ ఊదాడు. బస్సు పూర్తిగా ఆగకముందే దూకేశాను. అప్పుడు కనిపించాడు, జనంలో మునిగిపోయిన పొట్టి తాత, ఎర్రబట్ట చుట్టిన కర్రను భుజాన ఎత్తుకుని. కర్ర చివర వెండి చెయ్యి. పీర్ల పండుగకు ఊరంతా మొక్కే పీరయ్య!

"మెరుగు పెట్టియ్య తీస్కపోతున్న బిడ్డా! కాళ్లల్ల పెట్టొద్దని ఎత్తుకున్న. పీరయ్య భుజమ్మీద చెయ్యేస్తే ఎవలన్న ఉరుకుతరా?" అని తలుపులోంచి అరిచాడు. ఆ మాట నా తలకెక్కేలోపు బస్సు వెళ్లిపోయింది.

గంట తర్వాత ఇంకో బస్సు దొరికింది. పెద్దసారుకు జరిగింది జరిగినట్టే చెప్పాను. ఆయన నవ్వలేదు, "రేపటి నుంచి రాకు" అన్నారు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అవ్వ ఉద్యోగం మాటే ఎత్తలేదు. "పీరయ్యకు పిన్నీసు గుచ్చినవా, నీ నోట్ల మన్నుపొయ్య!" అని నెత్తి కొట్టుకుంది. పండుగనాడు నాచేత బెల్లం పంచిపెట్టించి, లెంపలు వేయించింది.

ఇప్పుడు మరో బడిలో చేస్తున్నాను, ఇప్పటికీ నిలబడే పోతున్నాను. (ఈమధ్య ఆ కడ్డీ కూడా అందడం లేదు.) పట్టుతప్పినప్పుడల్లా ఆనాటి పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఊరంతా మొక్కే చెయ్యి తనంతట తానే వచ్చి పట్టుకుంటే, దిగి పారిపోయింది. వంగిన పిన్నీసు ఇంకా నా సంచిలోనే ఉంది. బస్సు కుదిపినప్పుడు మాత్రం, ఎందుకో, భుజం కాస్త వెనక్కి వాలుస్తాను.