తిరిగి సెప్పు

ఇవాళ మెట్ల మీద ఎండు నెత్తళ్ళ చేపలు వేగుతున్న వాసన వచ్చింది. ఈ హిందీ ఊళ్ళో, బారిడీహ్‌లో మా వాటాల దగ్గర ఆ వాసన అరుదు. రెండో అంతస్తులో కొత్తగా దిగినవాళ్ళు మన వైపు వాళ్ళయి ఉండాలి. ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దిగిపోయింది. నేను చేతిసంచీతో కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ వాసన వస్తే నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కడే, అప్పలస్వామి మావ. నా చిన్నప్పుడు ఇదే ఊళ్ళో, బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో మా పక్కింటాయన. చుట్టమేమీ కాదు. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ అయ్యాడు.

యార్డు కేబిన్‌లో లివర్లు లాగి బండ్లకు దారి మార్చడం ఆయన ఉద్యోగం. ఏ బండిని ఏ లైనుకి తియ్యాలో స్టేషన్ నుంచి ఫోన్‌లో చెబుతారు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాకే లివరు మీద చెయ్యి వెయ్యాలి. మావ ఆ రూలుని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం తిరిగి చెప్పాల్సింది ఎప్పుడూ ఎదుటివాళ్ళే. ఒక పొద్దున అమ్మ నన్ను పెరుగు తోడుకి పంపింది.

"మావా, అమ్మ తోడు..."

"పొద్దున్నే ఒట్టెందుకేత్తన్నావే గుంటా?"

"ఒట్టు కాదు. అమ్మకి తోడు కావాలట."

"ఎక్కడికెల్తాదంట?"

"ఎక్కడికీ వెళ్ళదు. పాలల్లోకి!"

"మరలా సెప్పు. సగం మాట ఇని లివరు లాగితే బండీ బండీ గుద్దుకుంటాయి. తిరిగి సెప్పు."

మొదటినుంచీ చివరిదాకా ఒక్క వాక్యంగా అప్పజెప్పాను. అప్పుడు గిన్నెలో చెంచాడు పెరుగు పడింది.

ఆయన భార్య నరసమ్మత్త పోయి అప్పటికి మూడేళ్ళు. పిల్లల్లేరు. ఆదివారం ఎండు నెత్తళ్ళు వేయించడం ఆవిడ అలవాటు. ఆవిడ పోయినా ఆ అలవాటు ఇంట్లోనే ఉండిపోయింది. ఆయనకి వంట రాదు కనుక నెత్తళ్ళు సగానికి సగం మాడేవి. ఆయన ఇంటికి అటుపక్క ఛప్రా నుంచి వచ్చిన హిందీ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని అందరం భాభీ అనేవాళ్ళం. వాళ్ళు నీచు ముట్టరు. మావ మూకుడులో నూనె చిటపటమనగానే భాభీ కిటికీ రెక్కలు ధడేలుమనేవి, ఆ వెంటనే తిట్లు. మావకి వచ్చిందంతా యార్డు హిందీ: ఆగే, పీఛే, రోకో, ఛోడో. భాభీకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఒకరి తిట్లు ఒకరికి అర్థం కాలేదు కాబట్టే ఆ తగువు అన్నేళ్ళు ఆరోగ్యంగా సాగింది.

1958లో, అంటే నేను ఆరో తరగతిలో చేరిన ఏడు, భాభీ కూతురు మున్నీకి నడక వచ్చింది. అమ్మ 57 అనేది కానీ నా తరగతి లెక్క తప్పదు. ఆ పిల్ల తిన్నగా మావ అరుగెక్కింది. ఆయన కసిరాడు. అది నవ్వింది. కసురుతూనే ఇంత బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. అలా రోజూ జరిగేది. ఒకనాడు అది బెల్లం చీకుతూ ఆయన మోకాలు పట్టుకుని ఒక మాట అంది. మావ మొహం బిగుసుకుపోయింది. పిల్లని అరుగు దింపి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు కొళాయి దగ్గర నలుగురూ ఉండగా అది మళ్ళీ అదే మాట అరుస్తూ ఆయన కాళ్ళకు చుట్టుకుంది. మగాళ్ళు గొల్లుమన్నారు.

"ఏటి బావా, మాతో ఒక్క ముక్కైనా అన్నేదు! పప్పన్నమెప్పుడు?"

మావ బిందె నింపకుండానే వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఆయన ఆ పిల్లకి తలుపు తియ్యలేదు. మున్నీ బయట నుంచి తలుపు మీద చిన్న చిన్న దెబ్బలు కొట్టి, విసిగి వెళ్ళిపోయేది. శనివారం నేను తోడుకి వెళ్ళేసరికి ఆయన ట్రంకు పెట్టె సర్దుతున్నాడు. నరసమ్మత్త చీరలు అడుగున, ఆయన యూనిఫారం పైన.

"మీయమ్మకి సెప్పు, పలాస బదిలీ అడిగేత్తన్నానని. సోమారం ఆఫీసులో సెప్పేత్తాను. తిరిగి సెప్పు."

తిరిగి చెప్పాను. ఒక్క మాటా పోలేదు. ఎందుకు వెళ్తున్నావని అడిగాను.

"ఆ సప్రా మనిషి తన గుంట సేత నన్ను నాన్నా అనిపిత్తంది. పిల్లల్నేనోడినని ఎక్కిరింపు. నెత్తళ్ళకి నన్ను తిట్టమను, పడతాను. దీనికి పడను."

నేను మున్నీని రోజూ ఎత్తుకుని తిప్పేదాన్ని. బళ్ళో హిందీ చదివేదాన్ని. ఆయన పొరపాటు ఎక్కడుందో నాకు చప్పున తట్టింది. ఎలా చెప్పాలో తెలియక, ఆయన నోటి మాటే నా నోటికొచ్చింది.

"తిరిగి సెప్పు మావా."

"ఏటీ?"

"అదేమందో విన్నది విన్నట్టు సెప్పు."

నాకేసి కొరకొరా చూశాడు. కానీ రూలు రూలే. పెదాలు కదిపి, తనలో తాను అనుకుని, నెమ్మదిగా పైకి అన్నాడు. "నా... నా."

"అదే. నాన్న కాదు, నానా. హిందీలో నానా అంటే అమ్మకి నాన్న. తాత."

"అమ్మకి నాన్నంటే... ఎవురమ్మకి?"

"మున్నీ అమ్మకి. అంటే భాభీకి నువ్వు నాన్నవి. భాభీ చిన్నప్పుడే వాళ్ళ నాన్న పోయాడట. నిన్ను చూపించి నానా అనమని ఆవిడే నేర్పింది."

మావ ట్రంకు అంచు మీద కూర్చున్నాడు. "తిరిగి సెప్పు" అన్నాడు. చెప్పాను. కొంచెం ఆగి మళ్ళీ చెప్పమన్నాడు. ఆ రెండోసారి సరిచూసుకోడానికి కాదు.

సోమవారం ఆయన ఏ ఆఫీసుకీ వెళ్ళలేదు. భాభీకి ఒక్క మాటా చెప్పలేదు. కానీ ఆ మధ్యలో వచ్చిన ఆదివారం నెత్తళ్ళు వేయించలేదు. మధ్యాహ్నం దాకా వాసన రాకపోయేసరికి భాభీ తనే కంగారుపడి గిన్నెతో వచ్చింది. "బాబూజీకి ఒంట్లో బాలేదా?" అని హిందీలో నన్ను అడిగింది. గిన్నెలో పలచటి కిచిడీ, జ్వరం వాళ్ళకి పెట్టేది. మావ జ్వరం లేకుండానే దాన్ని పూర్తిగా తిన్నాడు. పై వారం నుంచి నెత్తళ్ళు మళ్ళీ వేగాయి, కిటికీ రెక్కలు మళ్ళీ ధడేలుమన్నాయి.

1965లో ఆయన రిటైరయి ఊరికి వెళ్ళిపోయాడు. ఖరగ్‌పూర్‌లో మారి వెళ్ళాలి, అక్కడికి బండి ఎక్కించడానికి అందరం వెళ్ళాం. మున్నీకి అప్పటికి ఎనిమిదేళ్ళు, ఆయన యాసలోనే తెలుగు మాట్లాడేది. బండి కదలగానే "నానా!" అని అరిచింది. మావ కిటికీలోంచి చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఏటీ? తిరిగి సెప్పు!" అన్నాడు. అది పరుగెత్తుతూ మళ్ళీ అరిచింది. ఆయన మళ్ళీ చెవి ఒగ్గాడు. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా అలాగే.

తరువాత నేను నర్సునయ్యాను. డాక్టరు నోటితో చెప్పిన మందు తిరిగి చెప్పకుండా ఏ రోగికీ ఇవ్వలేదు. విసుక్కున్నవాళ్ళున్నారు. ఇంట్లోనూ అంతే, మనసుకు తగిలిన మాటని రెండోసారి వినకుండా ఎప్పుడూ తలుపు వేసుకోలేదు. రెండోసారి విన్నా కొన్ని మాటలు మారలేదు. చాలా మాటలు మారాయి.

సాయంత్రం పైకి వెళ్ళి ఆ కొత్తవాళ్ళ తలుపు తట్టి, తెలుగులోనే పిలిచాను. ఒకమ్మాయి తలుపు తీసి, వాసనకి తగువు పెట్టుకోవడానికి వచ్చాననుకుని, "ఏటండి?" అంది బెదురుగా.

తిరిగి చెప్పమన్నాను.