నీళ్ళు తాగిన పడవ

నా చిన్నప్పుడు కొల్లేట్లో బాతుల వేటకి వెళ్ళే పడవని నేనొక్కణ్ణే కట్టానని, ఇక్కడ విదేశంలో, రోటోటూనా అనే ఊళ్ళో మా పక్కింటి కివీ పెద్దాయనకి గొప్పగా చెప్పాను. మే నెలలో వేట మొదలవుతుందని ఆయన తన గరాజ్‌లో, అడుగు చదునుగా ఉండే పాతకాలపు చెక్క పడవ కడుతున్నాడు. మా ఆవిడ పోయాక నాకు పొద్దు గడిచేది ఆ గరాజ్‌లోనే. ఆవిడ పోయినప్పుడు నా కంట చుక్క రాలేదు. ఇంట్లోవాళ్ళు ఎంత గుండె నిబ్బరమో అన్నారు. నేనూ కాదనలేదు.

నిజం చెప్పాలంటే, కొల్లేట్లో పడవ కట్టింది అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య. నేను మేకులు అందించాను, అందులోనూ సగం వంకరవి. మా అమ్మ చనిపోయిన ఏడాది అది. కూతురు పోయాక తాతయ్య మాటలు తగ్గించి, చెక్కలతోనే కాలం గడిపాడు. మోకాలి లోతు నీళ్ళలో, కిక్కిస గడ్డి మీదుగా జారిపోవాలంటే పడవ అడుగు ఎలా ఉండాలో చేత్తో నిమిరి చూపించేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు.

పని పూర్తయిన రోజు, పడవని నీళ్ళలోకి తోసి, అందులో రాళ్ళు వేసి ముంచేశాడు. అతుకుల్లోంచి నీళ్ళు ఊరి వస్తుంటే నేను కంగారుగా చింకి గుడ్డ కుక్కబోయాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"తాగనీరా. ఎండిన చెక్క. తాగి ఉబ్బితేనే అతుకు మూసుకుంటుంది."

అప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. గట్టున కూలబడి ఊరంతా వినేలా ఏడ్చాను. తాతయ్య ఊరుకోమనలేదు. కొన్నాళ్ళకి పడవని పైకి తీసి నీళ్ళు తోడేస్తే, మరి కారలేదు.

మొన్న పక్కింటాయన తన పడవలో హోస్‌తో నీళ్ళు నింపి చూస్తే అతుకులన్నీ కారాయి. అతుకులు పూడ్చే సీలెంట్ ట్యూబ్ అందుకోబోతుంటే నేను అడ్డంపడి ఈ కథంతా చెప్పాను. మా మనవరాలు ఇంగ్లీషులోకి మార్చింది. తన చేతిలోని ఫోన్లో, ఏలూరు నుంచి వీడియో కాల్ చేసిన మా అక్క కూడా వింటోంది. పెద్దాయన తలూపి, ట్యూబ్ జేబులో పెట్టుకుని, మళ్ళీ హోస్ కుళాయి తిప్పాడు.

"తాతా, బోట్ నువ్వే బిల్డ్ చేశానన్నావ్ కదా?" అంది మనవరాలు.

"మేకులు లేకుండా పడవ నిలుస్తుందా ఏంటే?" అన్నాను.

కారేదాన్ని కంగారుపడి మూయకూడదని ఆ రోజే నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో ఎవరింటికి పలకరింపుకి వెళ్ళినా, ఏడుస్తున్నవాళ్ళని ఊరుకోమని అనలేదు. ఆ మాటే మనవరాలికి చెబుతున్నాను.

"ఒరేయ్," అంది ఫోన్లోంచి అక్క. "మేకుల మాట నిజమే. ఏడుపు నీది కాదు, నేనూ అక్కడే ఉన్నాగా. గట్టున కూలబడి ఏడ్చింది తాతయ్య. నువ్వు ఆ చింకి గుడ్డతోనే ఆయన మొహం తుడుస్తూ 'ఊరుకో, ఊరుకో' అన్నావ్. నువ్వు అమ్మకీ ఏడవలేదు, మరదలికీ ఏడవలేదు."